వెనక క్యాబిన్‌లో ఎవరూ ముట్టని భోజనం

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక డిసెంబరులో, ఐరోపా నుంచి చెన్నైకి వచ్చే పగటి విమానంలో నాకు డ్యూటీ పడింది. అప్పటికి నేను పర్సర్‌ని. విమానంలో ప్రయాణికుల సేవకు ఉండే సిబ్బందికి పెద్దను పర్సర్ అంటారు. విమానం నడపడం కెప్టెన్ పని. కాక్‌పిట్ తలుపుకు ఇవతల జరిగే వాటికి, అంటే భోజనాలకు, జబ్బులకు, తగాదాలకు, ఏడుపులకు, జవాబు చెప్పుకోవలసింది పర్సర్.

మాది నాయుడుపేట. నాన్న అక్కడి మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మా శిక్షకురాలు నా యాసను పట్టుకుని, దాన్ని ఇంటి దగ్గరే వదిలి రమ్మంది. వదిలేశాను. తర్వాత్తర్వాత ఊరికి వెళ్ళినా ఆ నేర్పిన గొంతే వచ్చేది. "ఏందే, రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతా ఉండావు" అని అమ్మ నవ్వేది.

ఎకానమీ క్లాసు భోజనం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. వంట నేల మీదే అయిపోతుంది. దాన్ని చల్లబరిచి, మూత వేసిన చిన్న రేకు గిన్నెల్లో సర్ది ఎక్కిస్తారు. మేము చేసేది గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, ఓవెన్లలో పెట్టి వేడి చేయడం, ట్రేల మీద పెట్టి బండిలో తోసుకువెళ్ళి అందించడం. ఒకసారి వేడి చేసిన గిన్నెను మళ్ళీ వేడి చేయకూడదు. కాసేపటి తర్వాత దాన్ని పారేయవలసిందే. శాకాహారమా, కోడికూరా అని అడుగుతూ ముందు వరసల నుంచి మొదలుపెడతాం కాబట్టి, వెనక వరసలకు వెళ్ళేసరికి రెండిట్లో ఒకటి అయిపోతుంది. అందువల్ల వెనక కూర్చున్నవాళ్ళు సణుగుతారు. నా సర్వీసులో ఆ సణుగుడు వినని ప్రయాణం ఆ ఒక్కటే.

బయల్దేరే ముందు కెప్టెన్ సిబ్బందితో మాట్లాడే మాటలను బ్రీఫింగ్ అంటాం. వాతావరణం, కుదుపులు, ప్రయాణికుల సంఖ్య, ఇవన్నీ చెప్పాక ఆయన చివర్లో ఒక మాట చేర్చారు. వెనక సామాన్ల అరలో ఒక శవపేటిక వస్తోందట, చనిపోయినాయన బంధువులు పైనే ఉంటారట, కాస్త చూసుకోమన్నారు. ఇది మాకు కొత్త కాదు. గల్ఫ్ విమానాల్లో ఎన్నోసార్లు, మేము పైన టీలు పోస్తూ ఉంటే, కింద ఎవరో ఒకరు పెట్టెలో ఇంటికి వెళుతూ ఉండేవారు. ఆ సంగతి మిగతా ప్రయాణికులకు చెప్పం.

ప్రయాణికులు ఎక్కడం మొదలైంది. కొంతసేపటికి ఒకే రకం నారింజ రంగు జాకెట్లు వేసుకున్న గుంపు వచ్చింది. ఆడవాళ్ళు చీరల మీద, మగవాళ్ళు చొక్కాల మీద వాటిని తొడుక్కున్నారు. ప్రతి జాకెట్టు వీపునా నవ్వుతున్న రొయ్య బొమ్మ ఉంది. రొయ్యల మేత అమ్మే కంపెనీలు తమ దగ్గర ఎక్కువగా కొన్న రైతులను విదేశీ యాత్రలకు తీసుకువెళ్ళడం మా జిల్లా తీరంలో మామూలే. అలాంటి గుంపులు ఎలా ఎక్కుతాయో నాకు తెలుసు. సీట్లు మార్చుకుంటారు, ఒకరినొకరు పేరుపెట్టి కేకలు వేసుకుంటారు, కిటికీ దగ్గర కూర్చోవడానికి పోటీ పడతారు. వీళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. నేను నమస్కారం పెట్టినా తలెత్తలేదు. ఒకరి వెనక ఒకరు నడిచి, వెనక క్యాబిన్‌లోకి వెళ్ళి, ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు. ఒక ఆవిడ మాత్రం నా ముందు ఆగి, నా మొహంలోకి తేరిపార చూసి, "అన్నం ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. యాభై దాటిన మనిషి, పచ్చని ఛాయ, నుదుట పెద్ద బొట్టు. తలుపులు మూశాక కాసేపట్లో పెడతామని చెప్పాను. ఆమె వెనక ఉన్న ముసలాయన ఆ మాటకు కళ్ళు మూసుకున్నాడు.

గాలిలోకి లేచి, భోజనాల బళ్ళు బయల్దేరాక, నేను ముందు భాగంలో ఉన్నాను. వెనక గ్యాలీ బాధ్యత డోల్మా అనే అమ్మాయిది. డార్జిలింగ్ పిల్ల, దేనికీ తొణకదు. ఆమె ఇంటర్‌కమ్‌లో పిలిచి, "మేడమ్, ఒకసారి వెనక్కి రండి" అంది. ఏమిటంటే, "వాళ్ళు తీసుకోవడం లేదు" అంది. ఎవరని అడిగితే, "అందరూ" అంది.

వెళ్ళి చూశాను. బండి నడవలో ఆగిపోయి ఉంది. గిన్నెల మూతల సందుల్లోంచి ఆవిరి వస్తోంది. రెండు వైపులా నారింజ జాకెట్ల వాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళు ట్రే వద్దని చేయి ఊపడం లేదు, తల తిప్పడం లేదు. ముందు పెట్టబోతే మడత బల్లను మెల్లగా పైకి మూసేస్తున్నారు. డోల్మా ఒక వరస నుంచి ఇంకో వరసకు వెళితే ఆ వరస బల్లలన్నీ టక్ టక్ మని మూసుకుంటున్నాయి.

అప్పుడు గమనించాను, వాళ్ళలో ఎవరి పాదాలూ నేలమీద లేవు. చెప్పులు విప్పి సీట్ల కింద పెట్టి, ఆడా మగా అందరూ కాళ్ళు పైకి తీసుకుని, ఆ ఇరుకు సీట్లలోనే మఠం వేసుకుని కూర్చున్నారు.

ఒక్క ఆవిడ తప్ప. అన్నం ఎప్పుడు పెడతారని అడిగినావిడ నడవ పక్క సీట్లో కాళ్ళు నేలకు ఆనించి కూర్చుని, ట్రే ముందు పెట్టుకుని తింటోంది. అన్నంలో పప్పు కలిపి, ప్లాస్టిక్ చెంచా పక్కన పడేసి, చేత్తో ముద్దలు చేసుకుని, తలెత్తకుండా తింటోంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను చూడకూడదనుకుంటూనే చూస్తున్నారు. ఆమె పక్క సీటు ఖాళీ. అక్కడ కూర్చోవలసినావిడ లేచి వెళ్ళి వేరే వరసలో ఇరుక్కుంది. నేను దగ్గరికి రాగానే ఆమె ఖాళీ గిన్నె చూపించి, "ఇంకొకటి ఇస్తారా?" అంది. ఇచ్చాను. మా దగ్గర మిగిలిపోయినవి కావలసినన్ని ఉన్నాయి.

ఒక గుంపు మొత్తం భోజనం వద్దంటే మేము తేలిగ్గా తీసుకోకూడదు. తిండిలో ఏదో ఉందని వాళ్ళు అనుమానించి ఉండవచ్చు. నిరసన కావచ్చు. ఇంకా చెడ్డదేదైనా కావచ్చు. నేను ఆ ముసలాయన సీటు దగ్గర కూర్చున్నట్టుగా వంగి, నేర్పిన గొంతుతో, భోజనంలో ఏమైనా లోపం ఉందా అని అడిగాను. ఆయన మూసిన బల్ల మీదే చూపు పెట్టాడు. నాకేమనిపించిందో, ఆ గొంతు వదిలేశాను.

"యా ఊరన్నా మీది? కోట పక్కనా? మాది నాయుడుపేట" అన్నాను.

ఆయన అప్పుడు నన్ను సరిగ్గా చూశాడు. పేరు శేషయ్య అని చెప్పాడు. కోట మండలంలో సముద్రానికి దగ్గరగా వాళ్ళ ఊరు. అన్నదమ్ములిద్దరూ కలిసి రొయ్యల గుంటలు వేశారు. యాత్రకు వెళ్ళిన రెండో నాడే తమ్ముడు పెంచలయ్య హోటల్ గదిలో పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు. కాగితాలు అయ్యేదాకా అందరూ ఆ హోటల్లోనే కూర్చున్నారు. మంచు కొండలు చూడ్డానికి ఒక్కరూ పోలేదు. పెట్టెను ఇదే విమానంలో ఎక్కిస్తామని కంపెనీ మనిషి చెప్పాక బయల్దేరారు.

"శవం ఇంట్లో ఉంటే పొయ్యి ముట్టించం గదమ్మా. వాడు ఈడ, మా కాళ్ళ కింద పండుకోనుండాడు. వాడి మీద కూర్చోని మేమెట్ట తినేది?" అన్నాడు.

మా ఇళ్ళల్లోనూ అంతే. బైబిలు చదివే ఇంట్లోనైనా శవం లేచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. తింటున్నావిడ వైపు చూసి, ఆమె ఎవరని అడిగాను.

"వాడి పెళ్ళాం, రమణమ్మ." ఆయన గొంతు తగ్గించాడు. "నిన్నటిదాకా బాగానే ఏడిచింది. విమానం ఎక్కినప్పటి నుంచి ఇట్టయింది. బుద్ధి చెదిరింది అనుకుంటా ఉండాం. చూడలేకుండా ఉండాం తల్లీ."

భోజనాలు అయ్యాక క్యాబిన్‌ను చీకటి చేయడం పద్ధతి. పగటి ప్రయాణమైనా, జనం నిద్రపోతే పని తేలికవుతుంది కాబట్టి, మేము రాత్రిని తయారుచేస్తాం. ఆ రకం విమానంలో కిటికీలకు రెక్కలుండవు. గ్యాలీలో ఒక మీట నొక్కితే అద్దాలన్నీ ఒకేసారి ముదురు నీలంగా మారిపోతాయి. బయట ఎండ మండుతూనే ఉంటుంది. లోపలికి మాత్రం సూర్యుడు నీలి అద్దం వెనక గుండ్రటి చంద్రుడిలా కనిపిస్తాడు. ఏళ్ళ తరబడి చూసిన దృశ్యమే. ఆ రోజు వెనక క్యాబిన్‌లో ఆ వెలుగు నాకు నచ్చలేదు. నారింజ జాకెట్లు బూడిద రంగుకు తిరిగాయి. మఠం వేసుకున్న మనుషులు కదలకుండా, ఎవరూ నిద్రపోకుండా, కళ్ళు తెరుచుకుని ఉన్నారు.

కాసేపటికి చప్పుడు మొదలైంది.

ముందు డోల్మా విన్నది. వెనక గ్యాలీలో నేల కింద ఎవరో పిడికిలితో తట్టినట్టు. ఆగి, మళ్ళీ. కుదుపులు లేవు. విమానం పరిచిన చాప మీద వెళ్ళినట్టు వెళుతోంది. సామాన్లు పెట్టే అల్యూమినియం డబ్బాలు కొక్కేలు వదులైతే కదులుతాయి, అదే అయి ఉంటుందని డోల్మాకు చెప్పాను. చెప్పి నేను కూడా మడమల మీద బరువు తగ్గించి నిలబడ్డాను. ఆ చప్పుడు క్యాబిన్‌లోకీ వినిపించింది. నారింజ జాకెట్లలో ఒక సన్నటి మూలుగు ఒక చివర మొదలై రెండో చివరిదాకా పాకింది. ఎవరో ఆడమనిషి, "పెట్టె కదలతా ఉంది" అంది. శేషయ్య రెండు చేతులూ చెవులకు కప్పుకున్నాడు.

రమణమ్మ మాత్రం గట్టిగా, పొలం గట్టు మీద నుంచి పలికినట్టు, "అది ఆయన కాదు. ఆయన దీంట్లో లేడు" అంది.

ఆమె మళ్ళీ అంది. "ఎక్కలేదు. చెప్తా ఉంటే వినరేంది?"

నేను వెళ్ళి ఆమె పక్కన ఖాళీ సీట్లో కూర్చున్నాను. నీళ్ళు కావాలా అని అడిగాను. తాగింది. ఎందుకలా అనుకుంటున్నావక్కా అని అడిగాను.

"ముప్పై ఏండ్లు ఆయన పక్కన పండుకున్నా. ఆయన మంచం మీద వాలితే, నేను కళ్ళు మూసుకోనున్నా మంచం చెప్తది. దీంట్లోకి ఎక్కేటప్పుడే చూసినా, పైకి లేసేటప్పుడూ చూసినా. బరువు లేదు." నీళ్ళ గ్లాసు నాకు తిరిగి ఇచ్చింది. "ఆయన వచ్చినాక నేను తినేది ఉండదు. దినాలు అయ్యేదాకా నన్నెవరు తిననిస్తారు, నాకు మాత్రం యాడ దిగుతది? అందుకని ఇప్పుడే తింటా ఉండా."

ఆమె మాటల్లో తడబాటు లేదు, కళ్ళలో చెదురు లేదు. బుద్ధి తప్పిన మనుషులను నేను విమానాల్లో చూశాను. వాళ్ళు ఇలా మాట్లాడరు. ఆమె పిచ్చిదై ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఇంతలో డోల్మా నన్ను పిలిచింది. శేషయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పక్కనున్నతను, ఆయనకు షుగరు ఉందనీ, పొద్దున మాత్ర వేసుకున్నాడనీ, క్రితం రోజు నుంచి ఏమీ తినలేదనీ చెప్పాడు. విమానంలో డాక్టర్లు ఎవరైనా ఉన్నారా అని ప్రకటన చేయించాను. ఎవరూ లేవలేదు. మా మందుల పెట్టెలోని పరికరంతో వేలి మీద రక్తపు బొట్టు తీసి చూస్తే చక్కెర బాగా పడిపోయి ఉంది. పళ్ళరసం ఇచ్చాను. పెదవులు బిగించి మొహం తిప్పుకున్నాడు. ఇంకా ఆలస్యమైతే స్పృహ పోతుంది. పోతే దారి మళ్ళించి, దారిలో ఏదో దేశంలో దిగవలసి వస్తుంది. అప్పటికైనా బతికి ఉంటాడన్న నమ్మకం లేదు.

ఇలాంటిది ఏదైనా ముందు కెప్టెన్‌కు చెప్పాలి. ఇంటర్‌కమ్‌లో మొత్తం చెప్పాను. వెనక పెట్టె ఉన్నందువల్ల వాళ్ళు తినడం లేదని కూడా చెప్పాను.

ఆయన, పెట్టె లేదు అన్నారు.

నేను అర్థం కాక మళ్ళీ అడిగాను. ఆయన వివరంగా చెప్పారు. చివరి నిమిషంలో, ఒక అనుమతి పత్రం మీద ముద్ర లేదని అక్కడి కార్గో వాళ్ళు పేటికను నేల మీదే ఉంచేశారు. ఆ కబురు తలుపులు మూసి విమానం కదులుతుండగా కాక్‌పిట్‌కు అందింది. ఆ తొందరలో నాకు చెప్పడం తప్పిపోయింది. పేటిక తర్వాతి విమానంలో వస్తుంది. మరి వెనక అరలో ఏముందని అడిగాను. సూట్‌కేసులు, అన్నారు.

గ్యాలీలో నిలబడి ఉన్నాను. నా కాళ్ళ కింద మళ్ళీ ఒకసారి తట్టినట్టు వినిపించింది.

ఇక్కడ సంస్థ నియమం ఒకటి ఉంది. పేటిక ఆగిపోతే ఆ సంగతి బంధువులకు దిగిన తర్వాత నేల మీది అధికారులు చెప్పాలి. గాలిలో చెప్పకూడదు, ఎందుకంటే గాలిలో వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, గొడవ జరిగితే ఆపే మార్గం మాకూ లేదు. కెప్టెన్ ఆ నియమం గుర్తుచేశారు. కానీ ఆ పెద్దాయన తినకపోతే ఏమవుతుందో ఆయనకూ తెలుసు. క్యాబిన్ సంగతి నన్నే చూసుకోమన్నారు, నా నిర్ణయానికి తానూ బాధ్యుడినేనని కూడా అన్నారు. ఆ రెండో మాట అందరు కెప్టెన్లూ అనరు.

శేషయ్యను ఇద్దరం పట్టుకుని వెనక గ్యాలీలోకి తెచ్చి, సిబ్బంది కూర్చునే మడత సీటులో కూర్చోబెట్టాం. అక్కడా ఆయన కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. తెర లాగాను. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అన్నా, నేను చెప్పేది గట్టిగా పట్టుకో. పెంచలయ్యన్న ఈ విమానంలో లేడు. కాగితం చాలక ఆడనే ఆపినారు. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఆయన మెల్లగా, "ఆ చలిలో? ఒక్కణ్ణే?" అన్నాడు. ఆయన ఏడుస్తాడేమో, కేకలు వేస్తాడేమో అని సిద్ధపడ్డాను. రెండూ చేయలేదు. పాదాల వైపు చూసుకున్నాడు. అంతసేపూ పైకి పెట్టుకున్న కాళ్ళను ఒకటొకటిగా నేల మీద పెట్టాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మరి ఆమెకెట్ట తెలిసింది?" అని అడిగాడు.

తెలియదన్నాను. రసం గ్లాసు నోటికి అందించాను. ఈసారి తాగాడు. రెండో గ్లాసు తానే పట్టుకుని తాగాడు. మాట కొంచెం తేటపడ్డాక, "మావోళ్ళకు నేను చెప్తా. నువ్వు చెప్పబాక. నీ ఉజ్జోగానికి మాట వస్తది" అన్నాడు.

వేడి భోజనాలు అప్పటికే పారేయవలసిన వేళ దాటాయి. దిగబోయే ముందు ఇచ్చే రెండో వడ్డన, కూర నింపిన రొట్టె, పెరుగు, పండు ముక్కలు, చల్లగా ఉన్నవి ఉన్నాయి. వేళ కాకపోయినా వాటిని తీయించాను. అద్దాలను మళ్ళీ తేటపరిచాను. ఎండ ఒక్కసారిగా లోపలికి పడి అందరూ కళ్ళు చికిలించారు.

శేషయ్య నడవలో సీట్ల వీపులు పట్టుకుని నిలబడి, "కాళ్ళు దించండి. తమ్ముడు రాలేదు, ఆడనే ఉండిపోయినాడు. తినండి" అన్నాడు. అంతే.

ఏడుపు లేస్తుందనుకున్నాను. ఎవరూ ఏడవలేదు. ఒక్కొక్కరే తల తిప్పి రమణమ్మ వైపు చూశారు. అంతకుముందు ఆమెను చూసి సిగ్గుపడినవాళ్ళు ఇప్పుడు చూసిన చూపు వేరు. ఆమె ముందు వరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. మేము ట్రేలు ఇచ్చాం, వాళ్ళు తీసుకున్నారు. ఎవరికి ఏది దక్కిందని చూసుకోకుండా, నమిలిన చప్పుడు కూడా రానంత మెల్లగా, ఆమె మీదినుంచి కళ్ళు తీయకుండా తిన్నారు. రమణమ్మకు ఇవ్వబోతే వద్దంది. కడుపు నిండింది అంది. సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయింది. ఆ తర్వాత చెన్నై దాకా నేల కింద చప్పుడు లేదు. దిగాక ఇంజనీర్లు వెనక అర తెరిచి చూశారు. డబ్బాల కొక్కేలన్నీ బిగించినవి బిగించినట్టే ఉన్నాయని నాకు చెప్పారు.

నాకు ఆ ప్రయాణం తర్వాత సెలవు దినాలు ఉన్నాయి. నాయుడుపేటలో తమ్ముడింటికి వెళ్ళాను. విమానం దిగేటప్పుడే శేషయ్య నా ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు. చెన్నై కార్గో ఆఫీసులో ఏ కాగితం ఎవరికి చూపించాలో తెలియక రెండు మూడుసార్లు ఫోన్ చేస్తే చెప్పాను. పెట్టె వచ్చిందనీ, తన కొడుకు బండిలో తెస్తున్నాడనీ చివరిసారి చెప్పాడు. "వీలుంటే రా తల్లీ" అన్నాడు. వెళ్ళాను.

కోట దాటాక రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలే. మిట్టమధ్యాహ్నం. గాలి పుట్టించే చక్రాలు నీళ్ళను చిలుకుతున్నాయి. మనిషన్నవాడు కనిపించలేదు. ఊళ్ళోకి వెళితే జనమంతా శేషయ్య ఇంటి ముందు షామియానా కింద ఉన్నారు. అంతమంది ఉన్నా, చక్రాల మోత తప్ప వేరే సద్దు లేదు. అందరూ వీధిలోనే నిలబడ్డారు. వరండాలోకి ఒక్కరూ వెళ్ళడం లేదు.

వరండాలో రమణమ్మ కూర్చుని అన్నం తింటోంది. ముందు కంచం, పక్కన మజ్జిగ చెంబు. ఎవరో పొరుగింటివాళ్ళు తెచ్చి పెట్టి, దూరంగా జరిగినట్టున్నారు. నన్ను చూసి గుర్తుపట్టి, "రా అక్కా, కూచో" అంది. నేను చెప్పులు విడిచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె ఇంకో ముద్ద కలిపింది.

ఆ ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆమె కాసేపు అలాగే ఉండి, ఏదో సరిచూసుకుంటున్నట్టు అరిపాదాలను గచ్చు మీద ఆనించింది. ముద్దను కంచంలోకి జారవిడిచింది. కంచాన్ని ఎడమచేత్తో దూరంగా నెట్టి, చెయ్యి కడుక్కుంది.

"వచ్చినాడు" అంది.

వీధిలో ఉన్నవాళ్ళు విన్నారు. అందరూ రోడ్డు వైపు తిరిగారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆ తర్వాతే శేషయ్య జేబులో ఫోన్ మోగింది. ఆయన విని, పెట్టేసి, మా వైపు రాకుండానే చెప్పాడు. బండి నాయుడుపేట దగ్గర హైవే దిగి కోట రోడ్డు ఎక్కిందట. నేను చూడగా రమణమ్మ అప్పుడే మొదటిసారి ఏడ్చింది. నా భుజం పట్టుకుని, ఊపిరి అందనంతగా ఏడ్చింది. వీధిలో ఉన్న ఆడవాళ్ళు అప్పటికి గానీ వరండా మెట్లు ఎక్కలేదు. ఎక్కి, ఆమె చుట్టూ కూర్చుని, వాళ్ళూ ఏడ్చారు. పెట్టె దిగేదాకా ఉండి వచ్చేశాను. దినాలు అయ్యేదాకా ఆమె పాలు, నీళ్ళు తప్ప ముట్టలేదని శేషయ్య తర్వాత ఫోన్‌లో చెప్పాడు.

నేను సంస్థకు ఇచ్చిన నివేదికలో పేటిక కబురు క్యాబిన్‌కు అందకపోవడం గురించీ, నియమం దాటి బంధువుకు చెప్పడం గురించీ రాశాను. నియమం దాటినందుకు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. కొంతకాలానికి, పేటిక ఎక్కినా ఆగినా తలుపులు మూసేలోగా పర్సర్‌కు చెప్పి తీరాలని ఆదేశం వచ్చింది. ఆమెకు ఎలా తెలిసిందన్నది రాయలేదు, నాకు తెలియదు కాబట్టి. ఆ తర్వాత నేను శిక్షణ ఇచ్చిన పిల్లలకు రెండు మాటలు చెప్పేదాన్ని. ఒక వరస మొత్తం ట్రే వద్దంటే బండిని ముందుకు తోయవద్దు, ఆగి, వీలైతే వాళ్ళ భాషలో, కారణం అడగండి. అందరూ వద్దన్నచోట ఒక్కరే తింటుంటే ఆ మనిషిని కూడా అడగండి. నేను ముందు శేషయ్యను అడిగాను, ఆమెను తర్వాత అడిగాను. ఆ విమానంలో ఎవరున్నారో, ఎవరు లేరో సరిగ్గా చెప్పింది ఆమె ఒక్కతే.